అండగా ఉన్న అగ్రరాజ్యం బలహీనపడితే చిన్న దేశం గతి ఏమిటి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఒక చిన్న దేశం తన రక్షణ భారాన్నంతా ఒక అగ్రరాజ్యం మీద వేసింది. ఆ అగ్రరాజ్యం ఏటికేడాది బలహీనపడుతోంది. అప్పుడు చిన్న దేశం మరో పెద్ద దేశం పంచన చేరాలా, తటస్థంగా ఉండిపోవాలా, పాత స్నేహాన్నే పట్టుకుని ఉండాలా? తైవాన్, లిథువేనియా, ఆర్మేనియా పేర్లు మీరే ఎత్తారు. సివిల్స్ వ్యాసానికి పనికొచ్చేలా చెప్పమన్నారు.

నేను దౌత్యవేత్తను కాను. విశాఖపట్నంలో యుద్ధనౌకల ఇంజిన్ల మరమ్మతులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందుకే ఒప్పందాలను పక్కన పెట్టి విడిభాగాల దగ్గర మొదలుపెడతాను. అగ్రరాజ్యం బలం తగ్గుతున్న సంగతి గోదాములో అందరికన్నా ముందు తెలుస్తుంది. ఒప్పంద పత్రంలో అన్నిటికన్నా చివర తెలుస్తుంది. ఈ రెంటికీ మధ్య గడిచే కాలమే చిన్న దేశాలకు ప్రాణాంతకం. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ మధ్యకాలం గురించే.

భారత్-సోవియట్ మైత్రీ ఒప్పందం మీద 1971 ఆగస్టు 9న సంతకాలు జరిగాయి. గడువు ఇరవై ఏళ్ళు. 1991 ఆగస్టులో దాన్ని మరో ఇరవై ఏళ్ళకు పొడిగించారు. ఆ డిసెంబరు తిరిగేసరికి సంతకం పెట్టిన రాజ్యమే లేదు. ఒప్పందానికి మాత్రం ఇంకా పంతొమ్మిదేళ్ళకు పైగా ఆయుష్షు మిగిలింది! వ్యాసంలో ఈ ఒక్క సంగతి రాసినా, ఒప్పంద పత్రాలకు ఎంత విలువ ఇవ్వాలో పరీక్షకుడికి అర్థమవుతుంది.

విశాఖలో ఆ పతనం ఎలా కనిపించిందో చెబుతాను. మన తూర్పు నౌకాదళంలో అప్పటికి ముఖ్యమైనవన్నీ సోవియట్ నౌకలే. 1960ల చివర వచ్చిన కల్వరి తరగతి జలాంతర్గాములు (బీచ్ రోడ్డులో మ్యూజియంగా మారిన కురుసుర వాటిలో ఒకటి), 1980 నుంచి వచ్చిన రాజ్‌పుత్ తరగతి డిస్ట్రాయర్లు. మేమంతా వాటిని 'రష్యా ఓడలు' అనేవాళ్ళం. నిజానికి ఆ డిస్ట్రాయర్లు కట్టింది నల్లసముద్రం దగ్గరి నికోలాయెవ్‌లో. వాటిని నడిపే గ్యాస్ టర్బైన్లూ ఆ ఊరివే. 1991 తర్వాత ఆ ఊరు ఉక్రెయిన్‌లో ఉంది, ఇప్పటి పేరు మైకొలాయివ్. ఒకే ప్రణాళిక కింద నడిచిన కర్మాగారాలు రాత్రికి రాత్రి వేర్వేరు దేశాల పాలయ్యాయి. మాస్కోకు ఉత్తరం రాస్తే 'ఆ భాగం మా దగ్గర తయారుకాదు' అని జవాబు. తయారయ్యే చోటుకు రాస్తే 'డాలర్లు ముందు కట్టండి' అని జవాబు. అంతకుముందు సరుకు డాలర్లతో పని లేకుండా రూపాయి-రూబుల్ ఖాతా మీద వచ్చేది. ఆ పాత బాకీల లెక్క 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు గానీ తేలలేదు.

ఈలోగా ఓడలు ఆగవు కదా. ఒక ఓడలోంచి విప్పిన భాగాన్ని మరో ఓడకు బిగించాం. రబ్బరు సీళ్ళు, చిన్న వాల్వులు, పంపు భాగాలు నమూనా చూసి ఇక్కడే చేయించాం. రష్యన్ అక్షరాలు రాని ఫిట్టర్లు పాత మాన్యువళ్ళలో బొమ్మలు చూసి పని చేశారు. రాజ్‌పుత్ నౌక 2021 మేలో విశాఖలోనే సేవ నుంచి వైదొలగింది, నలభై ఒక్క ఏళ్ళ సర్వీసు తర్వాత. అందులో సగానికి పైగా, దాన్ని ఇచ్చిన రాజ్యం ప్రపంచ పటంలో లేని రోజులే.

కానీ మనకు సొంత డాక్‌యార్డులు ఉన్నాయి, ఉక్కు ఉంది, ఇంజినీర్లు ఉన్నారు. పదేళ్ళు ఇబ్బంది పడగలిగేంత పెద్ద దేశం మనది. మీరడిగిన చిన్న దేశాలకు ఆ పదేళ్ళ గడువు దొరకదు. ఆర్మేనియాకు దొరకలేదు. ముప్పై లక్షల జనాభా ఉన్న ఆ దేశం కథ కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు ఇంతకన్నా సూటి ఉదాహరణ ఈ శతాబ్దంలో నాకు కనిపించలేదు. రష్యా ఇప్పుడు అగ్రరాజ్యమా అని మీరు వాదించవచ్చు. ఆర్మేనియా మాత్రం దాన్ని అలాగే చూసింది.

ఆర్మేనియా రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పంద సంస్థలో సభ్యదేశం. ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే అందరి మీద జరిగినట్టే అని ఆ ఒప్పందంలోని నాలుగో అధికరణం చెబుతుంది. గ్యూమ్రి పట్టణంలో రష్యా సైనిక స్థావరం ఉంది. దాని గడువును 2010లో ఏకంగా 2044 వరకు పొడిగించారు. టర్కీ, ఇరాన్ సరిహద్దుల్లో కాపలా కాసింది రష్యా సరిహద్దు దళాలు. రైల్వేలు రష్యన్ రైల్వేల అనుబంధ సంస్థ చేతిలో, గ్యాస్ సరఫరా గాజ్‌ప్రోమ్ చేతిలో, అణువిద్యుత్ కేంద్రానికి ఇంధనం రష్యా నుంచి. ఆయుధాలు రాయితీ ధరకు రష్యా నుంచి. పొరుగునే ఉన్న అజర్‌బైజాన్ చమురు సొమ్ముతో టర్కీ డ్రోన్లు, ఇజ్రాయెల్ ఆయుధాలు కొంటుంటే, అదే రష్యా అజర్‌బైజాన్‌కూ ట్యాంకులు అమ్మింది. ఆర్మేనియాలో గొణుగుడు తప్ప వేరే ప్రయత్నం పెద్దగా జరగలేదు. చవకగా దొరుకుతున్నప్పుడు బయట కొనడానికి ఏ ఆర్థికమంత్రి ఒప్పుకుంటాడు?

2020 సెప్టెంబరు 27న అజర్‌బైజాన్‌తో యుద్ధం మొదలైంది. నలభై నాలుగు రోజుల్లో, అజర్‌బైజాన్ లోపల ఆర్మేనియన్లు ఉండే నాగోర్నో-కరాబాఖ్‌ చుట్టుపక్కల ప్రాంతాలతో పాటు అందులోనూ కొంత భాగం ఆర్మేనియన్ల చేతి నుంచి జారిపోయింది. కరాబాఖ్ అంతర్జాతీయంగా అజర్‌బైజాన్ భూభాగం కాబట్టి ఒప్పందం వర్తించదని రష్యా అంది. న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు లేదు. దాదాపు రెండు వేల మంది రష్యన్ శాంతి సైనికులు వచ్చి నిలబడ్డారు. సరే అనుకున్నారు.

అసలు పరీక్ష 2022 సెప్టెంబరులో వచ్చింది. ఈసారి అజర్‌బైజాన్ దాడి ఆర్మేనియా సొంత గడ్డ మీదే జరిగింది. ఆర్మేనియా నాలుగో అధికరణాన్ని ఉదహరించి సాయం అడిగింది. సైన్యం రాలేదు, పరిస్థితి చూసి నివేదిక రాయడానికి ప్రతినిధి బృందం వచ్చింది. అప్పటికే రష్యా ఉక్రెయిన్‌లో పీకల దాకా కూరుకుపోయి ఉంది. కోట్ల డాలర్లు ముందే కట్టిన ఆయుధాలు మిత్రదేశం నుంచి అందలేదని ఆర్మేనియా ప్రధాని పషిన్యాన్ బహిరంగంగానే చెప్పుకున్నారు. ఆ డిసెంబరులో కరాబాఖ్‌కు మిగిలిన ఒకే ఒక్క దారి, లాచిన్ మార్గం, మూతపడింది. శాంతి సైనికులు అక్కడే ఉన్నారు, చూస్తూ ఉన్నారు. 2023 సెప్టెంబరు 19న కరాబాఖ్ మీద అజర్‌బైజాన్ మళ్ళీ దాడి చేసింది. ఒక్క రోజులో అంతా ముగిసింది. లక్ష మందికి పైగా జనం కార్లలో, లారీల్లో, ట్రాక్టర్లలో ఇళ్ళు వదిలి ఆర్మేనియాకు తరలిపోయారు.

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అని మన పెద్దలు అంటారు. ఇక్కడ దానికి ఒక మాట చేర్చాలి. తోక పట్టుకున్నవాడికి వేరే తెప్ప వెతుక్కునే అవకాశమూ పోతుంది, ఎందుకంటే రెండు చేతులూ అక్కడే ఉన్నాయి. బలహీనపడుతున్న మిత్రుడు సాయం చేయలేకపోవచ్చు, కానీ మీరు మరొకరి దగ్గరకు వెళ్ళకుండా ఆపగల శక్తి అతనికి చాలా కాలం మిగిలే ఉంటుంది. గ్యాస్ అతని చేతిలో, రైలు అతని చేతిలో, వలస కార్మికులు డబ్బు పంపేది అతని దేశం నుంచి.

2022 దాడి తర్వాత ఆర్మేనియా మేలుకుంది. పినాక రాకెట్లు మన దగ్గర కొన్నది. ఫ్రాన్స్ వైపు చూసింది. 2023 ఫిబ్రవరిలో యూరప్ పరిశీలకులను సరిహద్దుకు రప్పించింది. 2024లో ఆ భద్రతా సంస్థలో తన పాత్రను స్తంభింపజేసింది. 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో అజర్‌బైజాన్‌తో రాజీకి వచ్చింది. అంతా సరైన పనే, కానీ చేతులు కాలాక. గ్యూమ్రిలో రష్యా స్థావరం మాత్రం ఇంకా ఉంది.

ఇక దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టిన దేశం సింగపూర్. దాని కథలో మొదటి అధ్యాయం విశాఖకూ తెలుసు. బ్రిటిష్ నౌకాబలం ఉండగా ఆసియాలో తమను తాకేవాడు లేడని అందరూ నమ్మారు. 1941 డిసెంబరు 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద బ్రిటిష్ నౌకలను జపాన్ విమానాలు మలయా తీరంలో ముంచేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజు ఊరు ఖాళీ చేసి పల్లెలకు పరుగెత్తిన కథలు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పేవారు. సామ్రాజ్యం ఇంకో ఐదేళ్ళు కొనసాగింది గానీ, దాని నౌకలు మనల్ని కాపాడతాయన్న నమ్మకం ఆ వారంలోనే పోయింది.

1965లో స్వతంత్రమైన సింగపూర్‌కు మళ్ళీ అదే బ్రిటన్ అండ. 1968 జనవరిలో బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, 1971 చివరికల్లా సూయెజ్‌కు తూర్పున ఉన్న బలగాలను వెనక్కు తీసుకుంటామని ప్రకటించారు. కారణం యుద్ధం కాదు, పౌండు విలువ పడిపోయింది, ఖజానాలో డబ్బు లేదు. సింగపూర్ ఆర్థిక వ్యవస్థలో ఐదో వంతు ఆ స్థావరాల మీద ఆధారపడి ఉంది. అంటే భద్రత, ఉపాధి రెండూ ఒకేసారి పోయే పరిస్థితి.

వాళ్ళు చేసిన పనులను గమనించండి. నిర్బంధ సైనిక సేవ 1967లోనే మొదలైంది, విల్సన్ ప్రకటనకు ముందే. సైన్యాన్ని నిర్మించడానికి మొదట భారత్‌నూ ఈజిప్టునూ సాయం అడిగారు. రెండూ ముందుకు రాలేదు (మన విదేశాంగ చరిత్రలో ఎవరూ పెద్దగా చెప్పుకోని సంగతి). దాంతో గుట్టుగా ఇజ్రాయెల్ శిక్షకులను పిలిపించుకున్నారు. బ్రిటిష్ నౌకాదళ డాక్‌యార్డును నామమాత్రంగా ఒక్క డాలరుకు తీసుకుని వాణిజ్య నౌకల మరమ్మతు కేంద్రంగా మార్చారు. ఓడల పని తెలిసినవాడిగా నాకు వాళ్ళ నిర్ణయాలన్నిటిలోకి ఇదే గొప్పది అనిపిస్తుంది. వెళ్ళిపోతున్నవాడి పనిముట్లు, ఆ పని తెలిసిన కార్మికులు, రెంటినీ నిలబెట్టుకున్నారు. 1971లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియాలతో కలిసి ఐదు దేశాల రక్షణ ఏర్పాటు చేసుకున్నారు. అందులో యుద్ధానికి వస్తామన్న హామీ లేదు, సంప్రదించుకుంటామన్న మాట మాత్రమే ఉంది. తర్వాత అమెరికా నౌకలకు వసతి ఇచ్చారు, కానీ సైనిక కూటమి ఒప్పందం చేసుకోలేదు. ఇప్పుడు వాళ్ళ యుద్ధ విమానాలు పశ్చిమ బెంగాల్‌లోని మన కలైకుండ వైమానిక స్థావరంలో శిక్షణ పొందుతాయి. మన నౌకాదళంతో 1994 నుంచి విన్యాసాలు చేస్తున్నారు. 2024 అక్టోబరులో అవి విశాఖలోనే జరిగాయి. ఒక్క పెద్ద హామీ పోయిన చోట పది చిన్న సంబంధాలు అల్లుకున్నారు. అందులో ఏ ఒక్కటి తెగినా మిగతావి ఉంటాయి.

సింగపూర్‌కు అదృష్టం కూడా తోడైందని ఒప్పుకోవాలి. పొరుగు దేశాలు దాన్ని మింగేద్దామని సిద్ధంగా లేవు, అటువైపు అమెరికా ఇంకా బలంగా ఉంది. ఆర్మేనియా ఉన్న చోట సింగపూర్ ఉంటే ఇంత అందంగా ముగిసేది కాదు.

ఇప్పుడు అమెరికా సంగతి. అమెరికా కూలిపోతోందని రాయకండి, పరీక్షకుడు నవ్వుతాడు. అంత డబ్బు, అంత పరిశోధన, అన్ని విమానవాహక నౌకలు ఇప్పటికీ మరెవరికీ లేవు. తగ్గుతున్నది ఒకేసారి అన్ని చోట్లా ఉండగల శక్తి. ఇది మళ్ళీ గోదాము దగ్గరే కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ 2022లో ఐదు పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థలు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2025 జులైలో అమెరికా, ఉక్రెయిన్‌కు ముందు ఇవ్వాలి కాబట్టి మీవి ఆలస్యమవుతాయని చెప్పింది. ఉక్రెయిన్ అవసరం నిజమైనదే, తప్పుపట్టలేం. కానీ వరుసలో మన స్థానాన్ని మరొకరు నిర్ణయిస్తారని స్విస్ వాళ్ళకు తెలిసొచ్చింది. తైవాన్ 2019లో 66 ఎఫ్-16 విమానాలకు ఆర్డరు పెడితే మొదటిదాన్ని లాంఛనంగా అప్పగించింది 2025 మార్చిలో.

నౌకా నిర్మాణం చూడండి. ప్రపంచ వాణిజ్య నౌకా నిర్మాణంలో చైనా వాటా సగం దాటింది, అమెరికాది ఒక శాతం కూడా లేదు. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళపు సరుకు నౌక చార్లెస్ డ్రూ మరమ్మతు కోసం చెన్నై దగ్గరి కాట్టుపల్లి యార్డుకు వచ్చింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు అది చిన్న వార్త కాదు. దక్షిణ కొరియా యార్డులూ ఇప్పుడు అమెరికా నౌకలను బాగుచేస్తున్నాయి. చాలామంది దీన్ని అమెరికా బలహీనతగా మాత్రమే చూస్తారు. నాకు ఇందులో చిన్న మిత్రదేశాలకు ఒక అవకాశం కనిపిస్తుంది. రక్షణ పొందేవాడు రక్షకుడి ఓడ బాగుచేసే స్థితికి వస్తే, వాళ్ళిద్దరి మధ్య బేరం మారుతుంది. కొరియా దీనికి యాభై ఏళ్ళ క్రితమే పునాది వేసుకుంది. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆసియా దేశాలు తమ రక్షణ ప్రధానంగా తామే చూసుకోవాలని అన్నారు. 1971లో దక్షిణ కొరియా నుంచి అమెరికా సైన్యపు ఒక డివిజన్‌ను వెనక్కు తీసుకున్నారు. కొరియాలోని పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం బెదిరిపోయి రెండు పనులు మొదలుపెట్టింది. ఒకటి, రహస్యంగా అణుబాంబు ప్రయత్నం, దాన్ని అమెరికా ఒత్తిడి చేసి ఆపించింది. రెండోది ఉక్కు, ఓడలు, ఆయుధాల భారీ పరిశ్రమ. నిలిచింది రెండోదే. ఈరోజు పోలాండ్ కొరియా దగ్గర ట్యాంకులు కొంటోంది.

మీ మూడు ప్రత్యామ్నాయాలకు వస్తాను. కొత్త యజమానిని వెతుక్కోవడం చాలాసార్లు కొత్త పేరుతో పాత జబ్బు. తటస్థత మంచిదే, కానీ దానికి ముందస్తు సన్నాహం అక్కరలేదనుకున్నవాళ్ళు దెబ్బతిన్నారు. బెల్జియం 1936లో తటస్థతకు తిరిగి వెళ్ళింది. 1940 మే 10న జర్మన్ సైన్యం వచ్చినప్పుడు, అప్పటిదాకా ఫ్రాన్స్‌తో ఉమ్మడి ప్రణాళిక లేకపోవడమే ఆ తటస్థత మిగిల్చిన ఫలితం. ఫిన్లాండ్ దానికి వ్యతిరేకం. ప్రచ్ఛన్న యుద్ధకాలమంతా మాస్కోతో మర్యాదగా ఉంటూనే నిర్బంధ సైనిక సేవను ఒక్కరోజూ వదల్లేదు. సోవియట్ యూనియన్ పోయాక, శత్రువు చచ్చాడు కదా అని యూరప్‌లో చాలామంది సైన్యాలను కుదించుకుంటే, ఫిన్లాండ్ 1992లో అమెరికా నుంచి 64 హార్నెట్ యుద్ధ విమానాలకు ఆర్డరు పెట్టింది. 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరేనాటికి అది ఆ కూటమికి బరువుగా కాక బలంగా వచ్చింది.

పాత స్నేహాన్నే పట్టుకుని ఉండటం? నన్నడిగితే స్నేహాన్ని వదలకూడదు, దాని మీద వేసిన బరువును తగ్గించాలి. వదిలేస్తే మధ్యకాలం మరింత త్వరగా వస్తుంది. లిథువేనియా ఈ పని తెలివిగా చేస్తోందని నా అభిప్రాయం. అమెరికాతో తగవు పెట్టుకోకుండానే, 2027 నాటికి దాదాపు ఐదు వేల మంది జర్మన్ సైనికుల బ్రిగేడ్ తన గడ్డ మీద శాశ్వతంగా ఉండేలా చూసుకుంది. 2025 ఫిబ్రవరిలో ఎస్తోనియా, లాట్వియాలతో కలిసి సోవియట్ కాలపు విద్యుత్ గ్రిడ్ నుంచి తీగలు తెంచుకుని యూరప్ గ్రిడ్‌కు కలిసింది. ఆర్మేనియా గ్యాస్, రైలు విషయంలో చేయలేకపోయింది ఇదే.

తైవాన్ గురించి నాకు అంత ధైర్యం లేదు. 2024 జనవరి నుంచి సైనిక సేవను నాలుగు నెలల నుంచి ఏడాదికి పెంచింది, సరే. ఇంధనంలో తొంభై ఐదు శాతానికి పైగా ఓడల మీదే వస్తుంది. గ్యాస్ నిల్వలు రెండు వారాలకు మించవు. ఆ ద్వీపానికి భూసరిహద్దు లేదు, అంటే యుద్ధం మొదలయ్యాక ఏదైనా పంపడం చాలా కష్టం. కాబట్టి అమెరికా వస్తుందా రాదా అన్న చర్చ కన్నా, వచ్చేదాకా ఎన్ని వారాలు దీపాలు వెలుగుతాయన్నదే అసలు ప్రశ్న. అమెరికా రావాలని నిర్ణయించుకున్నా నౌకలకు దూరం తగ్గదు. 1971 డిసెంబరులో అమెరికా ఏడో నౌకాదళపు బృందం బంగాళాఖాతంలోకి వచ్చింది, కానీ అప్పటికి ఢాకా పడిపోవడానికి సిద్ధంగా ఉంది. పాకిస్తాన్‌కు అమెరికా అరువిచ్చిన ఘాజీ జలాంతర్గామి విశాఖ ముందు మునిగి పది రోజులు దాటింది. 1965 యుద్ధం తర్వాత అమెరికా ఆయుధ నిషేధం పెడితే ఆ ఘాజీకి భారీ మరమ్మతు టర్కీలో చేయించుకున్నారు, అది కూడా గమనించండి.

వ్యాసానికి ఆర్మేనియా, సింగపూర్ రెండూ చాలు, మిగతావి ఒక్కో వాక్యంలో వేయండి. సిద్ధాంతాల పేర్లు చివర్లో రాయండి, ముందు సంఘటనలు రాయండి. రష్యా తన మిత్రులకు చేసిందంతా ద్రోహమే అన్న ధోరణి వద్దు. 2014 తర్వాత ఉక్రెయిన్ రష్యాకు టర్బైన్లు ఇవ్వడం ఆపేస్తే, మన కోసం రష్యాలో కడుతున్న యుద్ధనౌకలకు ఆ టర్బైన్లను మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా యార్డుకు అందించాల్సి వచ్చింది. అలా పూర్తయిన తుషిల్ 2024 డిసెంబరులో, తమాల్ 2025 జులైలో మన నౌకాదళంలో చేరాయి. అమ్మేవాడికి సరుకు మనమే తెచ్చిపెట్టి, అతని చేత బిగించుకున్నాం. ఆ పని చేయడానికి రెండు దేశాలతోనూ మాటలు మిగిలి ఉండాలి, చేతిలో డబ్బు ఉండాలి, ఏ భాగం ఎక్కడ తయారవుతుందో తెలిసినవాళ్ళు ఉండాలి. ఈ మూడూ ఏ దేశంలో ఉన్నాయో, ఏ దేశంలో లేవో వెతికి చూస్తే మీ జాబితాలో పేర్ల వరుస మారిపోవచ్చు.